బీపీని పట్టి ఉంచేది నరాలా, కిడ్నీలా? ఏది మేలు?

మా అమ్మకి 68 ఏళ్లు, బీపీ ఉంది. "టెన్షన్ లేకపోతే అదే తగ్గుతుందిరా" అని అమ్మ, "ముందు ఆ ఆవకాయ తగ్గించు" అని నేను, రోజూ ఇదే గొడవ. తర్వాత అర్థమైంది ఏంటంటే అమ్మ మాట్లాడేది నరాల గురించి, నేను మాట్లాడేది కిడ్నీల గురించి, ఒంట్లో బీపీని చూసుకునేవాటిలో ముఖ్యమైనవి ఈ రెండే.

స్పీడులో నరాలకి సాటి లేదు. మెడలో దవడ కింద నాడి తగులుతుంది కదా, అక్కడి రక్తనాళం గోడలో సెన్సర్ల లాంటివి ఉంటాయి, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం వంపులో కూడా ఉంటాయి, గోడ ఎంత సాగుతోందో మెదడుకి చెప్తూనే ఉంటాయి. మనం మంచం మీంచి లేచి నిలబడగానే అర లీటరు దాకా రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ దిగిపోతుంది, బీపీ పడబోతుంది, ఆ కబురు అందగానే మెదడు గుండెని వేగం పెంచమంటుంది, రక్తనాళాల్ని బిగిస్తుంది, ఇదంతా ఒకటి రెండు గుండె చప్పుళ్లలోనే మొదలైపోతుంది! అసలు ఏ నరమూ పట్టుకోకపోతే గుండె నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది, కూర్చున్నప్పుడు మనకి 70 దగ్గర ఉంటోందంటే మెదడు నుంచి గుండెకి వచ్చే వేగస్ అనే నరం పగ్గం పట్టుకుని ఉండటం వల్లే.

కానీ నరాలు అలవాటు పడిపోతాయి. బీపీ కొన్ని రోజుల పాటు ఎక్కువగానే ఉంటే అదే మామూలు అనుకుని సర్దుకుపోతాయి, 150 ఉన్న మనిషిలో ఆ 150నే కాపాడుతూ కూర్చుంటాయి.

కిడ్నీలు అలా కాదు, నిదానమే గానీ వదలవు. రోజుకి 180 లీటర్ల దాకా వడపోసి లీటరున్నర మాత్రం మూత్రంగా పంపిస్తాయి. బీపీ పెరిగితే ఉప్పూ నీళ్లూ ఎక్కువ వదిలేస్తాయి, పడిపోతే రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి విడుదల చేస్తాయి, దాని వల్ల రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఒళ్లు ఉప్పుని పట్టి ఉంచుకుంటుంది. గంటలు, రోజులు పట్టే పని ఇది. పేరు చివర సార్టన్, ప్రిల్ అని ఉండే బీపీ మాత్రలు పనిచేసేది ఈ దారిలోనే.

నన్ను పూర్తిగా కిడ్నీల వైపు తిప్పింది మాత్రం 1973లో కుక్కల మీద జరిగిన ప్రయోగం. మెడ దగ్గరా గుండె దగ్గరా ఉన్న ఆ సెన్సర్ల నరాలు తెంచేశారు. లేచినా, తిన్నా, చిన్న అలికిడైనా వాటి బీపీ పైకీ కిందికీ ఊగిపోయింది, కానీ రోజు మొత్తం సగటు తీస్తే దాదాపు మామూలు కుక్కలంతే! అంటే నరాలు ఊగకుండా చూస్తాయి తప్ప, ఏ అంకె దగ్గర నిలవాలో ఏళ్ల తరబడి తేల్చేది ఎక్కువగా కిడ్నీలే. అందుకే ఉప్పు విషయంలో నేను మెత్తబడను, డబ్ల్యూహెచ్ఓ చెప్పేది రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను, మన పచ్చళ్లూ అప్పడాలూ మజ్జిగలో ఉప్పూ కలిపితే అది మధ్యాహ్నానికే అయిపోతుంది.

అలాగని నరాలని తీసిపారేయలేం. పోయిన నెల మాత్ర డోసు పెంచాక అమ్మ తెల్లవారుజామున బాత్రూంకని గబుక్కున లేచి, కళ్లు తిరిగి గోడ పట్టుకుని జారి కూలబడింది. పడుకున్నప్పుడు చూస్తే పై అంకె 138, నిలబడిన రెండు నిమిషాలకి 112. నిలబడిన మూడు నిమిషాల్లోపు 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే డాక్టరుకి చెప్పాల్సిందే, వయసు మీద పడేకొద్దీ రక్తనాళాల గోడలు గట్టిపడి ఆ సెన్సర్లు మందగిస్తాయి కాబట్టి పెద్దవాళ్లలో ఇది ఎక్కువ. ఆ రీడింగులు చూసి డాక్టరు డోసు మార్చారు.

ఏళ్ల లెక్కకి నా ఓటు కిడ్నీలకే, మంచం దిగే ఆ ఒక్క నిమిషానికి మాత్రం నరాలకే. ఇప్పుడు అమ్మ మంచం అంచున కూర్చుని, పాదాలు పైకీ కిందికీ ఆడించి, కాసేపాగి లేస్తోంది. బీపీ రాసే నోట్‌బుక్‌లో పడుకున్నప్పుడు ఒక గడి, నిలబడ్డాక ఒక గడి. ఆవకాయ జాడీ పై అరలోకి వెళ్లింది, ఆదివారం మాత్రం దించుతాం.