ఇంటికొచ్చి లైనర్ అమ్మేవాళ్లతో జాగ్రత్త: పెట్టుడు కాలు వాడేవాళ్లందరికీ

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పెట్టుడు కాలు వాడేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. సదరం క్యాంపుల దగ్గర, పెన్షన్ ఇచ్చే రోజుల్లో పోస్టాఫీసుల ముందు నిలబడి నంబర్లు తీసుకుని, తర్వాత ఇంటికొచ్చి లైనర్లు, పౌడర్లు, క్రీములు అమ్మేవాళ్లు తిరుగుతున్నారు. మా నాయనకు అట్లాగే ఒకటి అంటగట్టారు. డబ్బులు పోతే పోయాయి, చర్మం పోగొట్టుకున్నాడు.

మాది దేవరకొండ దగ్గర ఊరు. నాయనకు షుగర్. పాదం మీద పుండు మానకపోవడంతో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. హైదరాబాద్‌లో చేయించిన కాలుతో బాగానే తిరిగేవాడు. పొద్దున్నే హోటల్ దాకా వెళ్లి చాయ్ తాగి, పేపర్ చదివి, ఊరి సంగతులన్నీ మోసుకొచ్చేవాడు. ఏడాది వాడేసరికి లైనర్ పైఅంచు చిరిగింది. తెలియనివాళ్ల కోసం: తీసేయగా మిగిలిన కాలును డాక్టర్లు స్టంప్ అంటారు. దానికి తొడిగే మెత్తటి సిలికాన్ తొడుగే లైనర్. దాని మీద సాకెట్, అంటే పెట్టుడు కాలు పైన ఉండే గట్టి గిన్నె లాంటి భాగం, ఎక్కుతుంది. రోజూ వాడితే లైనర్ ఆరు నెలల నుంచి ఏడాది వస్తుంది, తర్వాత మార్చాల్సిందే. అంటే చిరగడంలో వింతేమీ లేదు. కొత్తది కోసం అడుగుతుంటే ఈ మనిషి దొరికాడు.

"హైదరాబాద్ దాకా ఎందుకన్నా, నేనే ఇంటికొచ్చి కొలతలు తీసుకుంటా" అన్నాడు. వచ్చాడు. స్టంప్ మధ్యలో, లుంగీ మీద నుంచే టేపు చుట్టి ఒక అంకె రాసుకున్నాడు. తర్వాత 18,000 తీసుకుని లైనర్ ఇచ్చాడు. సాకెట్‌లో దిగట్లేదని నాయన అంటే "టైట్‌గా ఉంటేనే పట్టు ఉంటది పెద్దాయనా" అని చెప్పి, సులువుగా దిగడానికంటూ ఒక పౌడర్ డబ్బా కూడా అమ్మాడు. తొడిగించి, వాకిట్లో నాలుగు అడుగులు వేయించాడు. "నొప్పి ఉందా?" అని అడిగాడు. నాయన లేదన్నాడు. "అయితే ఫిట్టింగ్ పర్ఫెక్ట్" అని బండెక్కి వెళ్లిపోయాడు.

అసలు మోసం ఈ ప్రశ్నలోనే ఉంది. షుగర్ చాలా ఏళ్ల నుంచి ఉన్నవాళ్లకు నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిపోతుంది. కాలు పోవడానికి కారణం కూడా సగం అదే కదా, మొదటి పుండు నొప్పి పెట్టి ఉంటే ముందే చూసుకునేవాళ్లం. అలాంటి మనిషిని నొప్పి ఉందా అని అడిగి ఫిట్టింగ్ తేల్చడం అంటే చెవులు వినపడని వాళ్లను రేడియో సౌండ్ సరిపోయిందా అని అడిగినట్టే. చూడాల్సింది చర్మాన్ని. ఈ మనిషి లైనర్ తొడగకముందు చర్మం చూడలేదు, నడిపించాక విప్పి కూడా చూడలేదు.

కొన్నాళ్లకు మా అమ్మ బట్టలు ఉతుకుతూ స్టంప్‌కు లైనర్ మీద తొడిగే సాక్సు మీద ఎర్రటి మరక చూసింది. నాయనను అడిగితే "ఏం లేదే, చెమట" అన్నాడు. లైనర్ విప్పించాం. లోపల పౌడరు, చెమట కలిసి ముద్దలు కట్టి, స్టంప్ చివర గట్టిపడి అంటుకుని ఉంది. తుడిస్తే కింద చర్మమంతా చిన్న చిన్న ఎర్ర పొక్కులు. మోకాలికి బయటివైపు, కాస్త కింద చేతికి తగిలే ఎముక బుడిపె ఉంటుంది, సరిగ్గా దాని మీద రూపాయి బిళ్ల అంత తోలు ఊడి ఉంది. మోకాలి వెనకాల లైనర్ మడత పడ్డ చోట గీత గీసినట్టు కోసుకుపోయింది. ఇంత జరిగినా ఆయనకు ఒక్కసారి కూడా నొప్పి తెలియలేదు.

హైదరాబాద్ తీసుకెళ్లి, కాలు చేసిన సెంటర్‌లో చూపిస్తే వాళ్లు ముందు లైనర్ తిరగేసి అంకె చూశారు. సైజు లైనర్ మీదే అచ్చుపోసి ఉంటుంది. ఈ మనిషి ఇచ్చింది 28. వాళ్లు స్టంప్ చివరి నుంచి 4 సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి, అక్కడ చుట్టుకొలత తీశారు. 24 వచ్చింది. లైనర్ కొలత తీయాల్సింది అక్కడే, అదీ నేరుగా చర్మం మీద. ఆ అంకెకు సమానమైన సైజు గానీ, దానికి కొంచెం తక్కువది గానీ తీసుకోవాలి, ఎక్కువది తీసుకోకూడదు. పెద్దదైతే లోపల కాలు పైకీ కిందికీ జారుతూ చర్మాన్ని రాస్తుంది, చివర గాలి నిలిచి పొక్కులు లేస్తాయి.

దాంతోపాటు మందం కూడా మార్చేశాడు. పాత లైనర్ 3 మిల్లీమీటర్లది, ఇది 6. సాకెట్‌ను తయారు చేసేది ఫలానా మందం లైనర్ వేసుకున్న కాలు కొలతతో. దాంట్లోకి మందంగా ఉన్నది దూరిస్తే కాలు అడుగు దాకా దిగదు, ఎముకలు తగలకూడని చోట తగులుతాయి. కాలు దిగిందో లేదో చూడటానికి అక్కడ టెక్నీషియన్ పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టి లాంటిది చిన్న ఉండ చేసి సాకెట్ అడుగున వేశాడు. నాయనను నిలబెట్టి, మళ్లీ విప్పించి ఉండ బయటికి తీశాడు. వేసింది వేసినట్టే గుండ్రంగా ఉంది, ఏ మాత్రం నొక్కుకోలేదు. స్టంప్ చివర ఇట్లా ఆనకుండా నెలల తరబడి వేలాడితే అక్కడ చర్మం నల్లగా, మందంగా, పులిపిర్ల మాదిరి గడ్డకట్టి నీరు కారుతుందట. మాకు అంత దూరం రాలేదు, అదొక్కటే నయం.

పౌడర్ సంగతి కూడా చెప్పాలి. లైనర్ లోపల గాలి ఆడదు. మన దగ్గర మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, ఆ చెమటంతా లోపలే ఉండిపోతుంది. దానికి పౌడర్ తోడైతే ముద్దకట్టి చర్మాన్ని గీరుతుంది, వెంట్రుకల కుదుళ్లు మూసుకుపోయి చీము పొక్కులు లేస్తాయి. సువాసన వేసిన క్రీములతో కొందరికి ఎలర్జీ వస్తుంది. వాజెలిన్, కొబ్బరినూనె లాంటివి పొద్దున పూసి లైనర్ తొడిగితే పట్టు జారుతుంది, కొన్ని రకాల లైనర్లు పాడవుతాయి కూడా. స్పిరిటు, డెట్టాల్ రాస్తే చర్మం ఎండి పగులుతుంది. స్టంప్ మీద వెంట్రుకలు గీయించడం కూడా మంచిది కాదు, మళ్లీ మొలిచేటప్పుడు లోపలికే తిరిగి పొక్కులవుతాయి. మాకు చెప్పిన పద్ధతిలో ఖర్చు దాదాపు ఏమీ లేదు. రాత్రి కాలు విప్పాక వాసన లేని మామూలు సబ్బుతో స్టంప్ కడిగి, నురుగు మిగలకుండా నీళ్లు పోసి, రుద్దకుండా మెత్తటి బట్టతో అద్దాలి. పొద్దున కడిగి తడి ఆరకముందే తొడిగితే చర్మం ఉబ్బి లైనర్‌కు అతుక్కుంటుంది, అందుకే రాత్రి పూట కడగడం. లైనర్‌ను కూడా రోజూ తిరగేసి కడిగి నీడలో ఆరబెట్టాలి. డాబా మీద ఎండలో పడేయకూడదు, మా ఇంట్లో పాతది అట్లాగే పాడైంది. రెండు లైనర్లు ఉండి మార్చి మార్చి వాడగలిగితే ఇంకా మంచిది. ఎండాకాలం మధ్యాహ్నం ఒకసారి విప్పి చెమట తుడిచి మళ్లీ తొడుక్కోవాలి. పెళ్లిళ్లలో మొహమాటపడకండి, ఒక మూలన కూర్చుని విప్పి తుడుచుకోండి.

కాలు విప్పగానే చర్మం మీద ఎర్ర మచ్చలు ఉండటం మామూలే. పది నిమిషాలైనా పోకుండా అట్లాగే ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువైనట్టు. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు, స్టంప్ అడుగు, వెనక భాగం కంటికి కనిపించవు కాబట్టి రోజూ చేతి అద్దం పెట్టి చూడాలి, లేదా ఇంకొకరు చూడాలి. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు ఇంటర్ చదివే మా చెల్లిది, నాయన ఎంత విసుక్కున్నా వదలదు. తోలు ఊడితే మాత్రం కాలు పక్కన పెట్టేసి, మానేదాకా చంక కర్రలతోనే నడవాలి. డాక్టర్‌కు చూపించడం వాయిదా వేయకండి, షుగర్ మనిషికి అది పెరిగితే మోకాలి పైదాకా కాలు తీయాల్సి రావచ్చు.

ఇంతా అయ్యాక ఆ అమ్మినాయనకు ఫోన్ చేస్తే "ఒంటికి తగిలిన సరుకు వాపస్ తీసుకోం అన్నా" అన్నాడు. ఒంటికి తగలకుండా లైనర్ సరిపోతుందో లేదో ఎట్లా తెలుస్తుంది? బిల్లు అడిగితే ముందు తెల్ల కాగితం మీద అంకె వేసి ఇచ్చాడు, దాని మీద పేరు లేదు, సైజు లేదు. ఆ తర్వాత ఫోన్ తీయడం మానేశాడు.

కాబట్టి ఎవరి దగ్గర కొన్నా ముందు అడగాల్సింది ఆయన రిజిస్ట్రేషన్ నంబర్. కృత్రిమ అవయవాలు అమర్చే నిపుణులు 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, నంబర్ ఉన్నవాళ్లు అడిగితే దాచరు. బిల్లు మీద కంపెనీ, సైజు, మందం, సరిపోకపోతే ఎన్ని రోజుల్లో మార్చి ఇస్తారో రాయించుకోండి. నడిపించి, విప్పించి, చర్మం చూడకుండా "ఓకే" అనేవాళ్లకు పైసా ఇవ్వకండి. "కొత్తలో పుండ్లు పడతాయి, అలవాటవుతుంది" అంటే అక్కడే ఆపేయండి. నడక అలవాటు కావడానికి టైమ్ పడుతుంది, నిజమే. కానీ పుండు పడటం మామూలు కాదు, చాలాసార్లు కొలత తప్పిందని అర్థం.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో కూడా మాట్లాడతారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. సరుకుకు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, జరిగిన 2 ఏళ్లలోపు వేయాలి. లైనర్ పారేయకండి, దాని మీది అంకె కనిపించేలా ఫొటో తీయండి, పుండు ఫొటోలు తారీఖుతో ఉంచండి, డబ్బు ఫోన్‌లో పంపి ఉంటే ఆ రసీదు కూడా. మేము ఇవన్నీ పెట్టి నల్గొండలో వేయబోతున్నాం.

జడ్చర్ల, భూత్పూర్ వైపు కూడా ఇట్లాంటి మనిషే తిరుగుతున్నాడని మా బంధువులు చెప్పారు. వాడే అవునో కాదో తెలియదు, పేరు కూడా వేరే చెప్తున్నాడట. మీ ఇంటికి ఎవరైనా వచ్చి లుంగీ మీద నుంచి టేపు చుడితే, తలుపు దగ్గరే ఆపి, 4 సెంటీమీటర్ల దగ్గర కొలత ఎంత వచ్చిందో, లైనర్ మీద ఏ అంకె ఉందో చూపించమనండి.