రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు బ్రౌజర్ తెరిచి చూడండి

బెజవాడలో పాత ల్యాప్‌టాప్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇది చదివాకే షాపుకెళ్లండి. షాపు పేరు రాయడం లేదు. పేరు రాసి గొడవ పెట్టుకోవడం కన్నా, ఏం చేస్తున్నారో తెలిస్తే ఏ షాపులోనైనా మీరే పట్టేసుకోవచ్చని ఇది రాస్తున్నాను.

మా మేనకోడలు ఈ ఏడాది డిగ్రీలో చేరింది. తనకోసం 22,500 పెట్టి రీఫర్బిష్డ్ మెషీన్ తీసుకున్నాం. మెషీన్‌కి వంక పెట్టడానికి లేదు. బ్యాటరీ బాగుంది, కీబోర్డు కొత్తదానిలా ఉంది. "సాఫ్ట్‌వేర్లన్నీ ఫ్రీగా వేసి ఇచ్చేస్తాం సార్, ఇంటికెళ్లి ఆన్ చేసుకోవడమే" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. తిరకాసంతా ఆ ఫ్రీలోనే ఉంది.

ఇంటికొచ్చి క్రోమ్ తెరిస్తే గూగుల్ బదులు ఎన్నడూ పేరు వినని సెర్చ్ పేజీ వచ్చింది. యూనివర్సిటీ పేరు కొడితే పైనుంచి కిందదాకా ప్రకటనలే. షాపింగ్ సైట్‌లో ఏ వస్తువు చూసినా పక్కనుంచి కూపన్ల పట్టీ ఒకటి తోసుకొస్తోంది. వీటన్నిటినీ మించింది స్క్రీన్ కుడివైపు కింద మూల. ఎర్రటి గుర్తుతో "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, ఇప్పుడే క్లీన్ చేయండి" అంటూ ఒకటి పోతే ఇంకొకటి. పిల్ల హడలిపోయి "మావయ్యా, కొత్తది అప్పుడే పాడైపోయిందా?" అంది.

షాపుకి ఫోన్ చేశాను. "నెట్ వాడితే వైరస్‌లు రావా సార్? టెన్షన్ పడకండి, తీసుకురండి. యాంటీవైరస్ వేసి క్లీన్ చేసేస్తాం, 1,800 అవుతుంది. సాఫ్ట్‌వేర్‌కి వారంటీ ఉండదు కదా" అన్నారు. దొంగే 'దొంగ దొంగ' అని అరిచినట్టుంది. కొన్నది మధ్యాహ్నం, ఫోన్ చేసింది అదే సాయంత్రం!

ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవాల్సింది, కంట్రోల్, హెచ్ రెండూ కలిపి నొక్కితే బ్రౌజర్ హిస్టరీ వస్తుంది. అందులో మేం షాపులో అడుగుపెట్టక ముందు, ఆ ఉదయమే తెరిచిన పేజీలున్నాయి. క్రాక్ సాఫ్ట్‌వేర్లు, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా మార్చిన దొంగ కాపీలు దించుకునే సైట్లు, వాటి వెనకాలే మనిషినని నిరూపించుకోవడానికి 'అలౌ' నొక్కమనే పేజీలు. ఆ లిస్టుని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నాను.

ఇంతకీ ఆ మూల వచ్చేవి వైరస్‌లు కావు. ఏదో సైట్‌కి నోటిఫికేషన్లు పంపుకోమని ఎవరో అనుమతి ఇచ్చారు, అది పంపుతోంది, అంతే. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దాంట్లో సైట్ సెట్టింగ్స్, దాంట్లో నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. మాదాంట్లో అర్థంపర్థం లేని అక్షరాలతో బోలెడు పేర్లు. ఒక్కోదాని పక్కన మూడు చుక్కలు నొక్కి బ్లాక్ చేయగానే ఆ 5 వైరస్‌లూ మాయం. అదే పేజీలో పైన, ఏ సైటూ నోటిఫికేషన్లు అడగకుండా ఆపేసే ఆప్షన్ కూడా ఉంది. పిల్లలు, పెద్దవాళ్లు వాడే మెషీన్ అయితే అది పెట్టేయండి, నష్టమేమీ లేదు. ఫైర్‌ఫాక్స్‌లో అయితే ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో పర్మిషన్స్ దగ్గర ఉంటుంది. దీనికి 1,800 అడిగారు!

కూపన్ల పట్టీ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. అది ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న అదనపు ప్రోగ్రామ్. మామూలుగా అయితే ఎక్స్‌టెన్షన్స్ పేజీలో 'రిమూవ్' నొక్కితే పోతుంది. దీనికి ఆ బటనే లేదు. అడ్మినిస్ట్రేటర్ వేసిందని రాసి ఉంది. క్రోమ్ మెనూ చివర 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని ఇంకో చిన్న లైను. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆ లైను ఉంటే తప్పు లేదు, కంపెనీ ఐటీ వాళ్లు పెట్టుకుంటారు. కొన్నిసార్లు యాంటీవైరస్ కూడా పెడుతుంది. కానీ డిగ్రీ పిల్ల ల్యాప్‌టాప్‌కి సంస్థ ఎక్కడిది? అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో క్రోమ్://పాలసీ అని కొడితే ఎవరు ఏం బలవంతంగా పెట్టారో కనిపిస్తుంది. విండోస్ తన లోపలి సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక లైను రాస్తే చాలు, ఎక్స్‌టెన్షన్ దానంతటదే దిగుతుంది, మనం తీసేయలేం. రిజిస్ట్రీ జోలికి మీరు వెళ్లొద్దు, తెలిసినవాళ్లుంటే వాళ్లచేత చేయించండి.

ఆ ఎక్స్‌టెన్షన్‌కి ఇచ్చిన అనుమతి చూస్తే ఒళ్లు మండింది. అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవడం, మార్చడం అని ఉంది. అంటే పిల్ల ఫీజు కట్టే పేజీ కూడా అది చూడగలదు. ఇలాంటివి షాపు కుర్రాళ్లే చేస్తారనుకోకండి. 2014లో లెనోవో కొత్త ల్యాప్‌టాప్‌లలోనే సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ వేసి అమ్మింది. సురక్షితమైన సైట్లలోకి కూడా అది దూరుతోందని 2015 ఫిబ్రవరిలో బయటపడి పెద్ద రచ్చయింది. మంచి ఎక్స్‌టెన్షన్లకూ గ్యారంటీ లేదు. ది గ్రేట్ సస్పెండర్ అని, ట్యాబ్‌లను నిద్రపుచ్చే ఎక్స్‌టెన్షన్ ఒకటుండేది. 20 లక్షల మందికి పైగా వాడేవాళ్లు. 2020లో అది చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో గూగులే దాన్ని మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) అని తీసేసింది.

డెస్క్‌టాప్ మీద ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ అని ఇంకో ఐకాన్ కూడా ఉంది. అది చూసి నవ్వొచ్చింది. ఒకప్పుడు బ్రౌజర్‌లో వీడియోలు, ఆటలు నడిపించిన ఫ్లాష్‌కి దాని కంపెనీ అడోబీ 2020 డిసెంబరు 31తోనే మంగళం పాడింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ కంటెంట్ నడవకుండా ఆపేసింది కూడా. బ్రౌజర్‌కి విడిగా తగిలించుకునే జావా లాంటి పాత ప్లగిన్లకైతే క్రోమ్ 2015లోనే తలుపులు మూసేసింది. కాబట్టి ఫ్లాష్ అప్‌డేట్ చేసుకోమని ఈరోజు ఎవరడిగినా అది మోసమే, రెండో ఆలోచన అక్కర్లేదు.

కొనేటప్పుడు మెషీన్‌ని షాపులోనే మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి బ్రౌజర్ తెరవండి. ఎక్స్‌టెన్షన్స్ పేజీ ఖాళీగా ఉండాలి, నోటిఫికేషన్ల జాబితా ఖాళీగా ఉండాలి, హిస్టరీ ఖాళీగా ఉండాలి. మెనూ చివర ఆ 'ఆర్గనైజేషన్' లైను ఉండకూడదు. విండోస్‌తో పాటే వచ్చే ఎడ్జ్ బ్రౌజర్‌లోనూ ఇవే చూడండి. ఇవన్నీ అయ్యేదాకా మీ జీమెయిల్‌తో సైన్ ఇన్ అవకండి. సింక్ (ఒకే అకౌంట్ ఉన్న మెషీన్లన్నిటినీ ఒకేలా ఉంచే సదుపాయం) ఆన్‌లో ఉంటే మామూలుగా వేసిన ఎక్స్‌టెన్షన్లు అదే అకౌంట్ ఉన్న మీ ఇంకో కంప్యూటర్లోకి కూడా వచ్చేస్తాయి.

మర్నాడు హిస్టరీ ఫొటో పట్టుకుని వెళ్తే ఓనరు ముందు "ఇది మీ ఇంట్లోనే అయ్యుంటుంది" అన్నాడు. టైము, బిల్లు పక్కపక్కన పెట్టి చూపించాక "కుర్రాడు తెలియక చేశాడండీ" అని గొంతు మార్చాడు. క్లీనింగ్ వద్దు, నా ఎదురుగానే మొత్తం చెరిపేసి విండోస్ మళ్లీ వేయమన్నాను. వేశారు, రూపాయి అడగలేదు. సారీ కూడా చెప్పలేదనుకోండి.

మీరూ అలాగే చేయించండి. విండోస్ 11 సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, రీసెట్ దిస్ పీసీ, అందులో 'రిమూవ్ ఎవ్రీథింగ్'. రీసెట్ అయ్యాక ఏదో కంపెనీ పేరు చూపించి ఆ కంపెనీ మెయిల్‌తో లాగిన్ అవమంటే మాత్రం ఆ మెషీన్ ఇంకా పాత కంపెనీ ఖాతాలోనే ఉందని అర్థం, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. బిల్లు లేకుండా కొనొద్దు. షాపువాడు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ పాప్‌అప్‌లు నమ్మి ఎవరైనా ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, షాపు సంగతి తర్వాత.