ఆట ఆపేయాలా, జరిమానా వేయాలా? కాలేజీ కుంభకోణాలకు ఏ శిక్ష మేలు

2024 డిసెంబర్ 21న డాలస్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో నాలుగు కుటుంబాలం కూర్చుని అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ మొదటి రౌండ్ చూశాం. మా ఊరి ఎస్ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) పెన్సిల్వేనియా చలిలోకి వెళ్లి పెన్ స్టేట్ చేతిలో 38–10తో ఓడిపోయింది. ఇక గెలిచేది లేదని తేలిపోయాక మాటలు పాత సంగతుల మీదికి మళ్లాయి. కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యంత కఠినమైన శిక్షలు అనగానే గుర్తొచ్చే రెండు కాలేజీలు ఆ రోజు ఒకే మైదానంలో ఉన్నాయి. అక్కడున్న పిల్లల్లో చాలామందికి ఆ విషయమే తెలియదు. చెప్పాక ఒక కుర్రాడు అడిగాడు: "మరి ఏ పనిష్మెంట్ పనిచేసింది అంకుల్?"

2025 ఆగస్టులో మిషిగన్ యూనివర్సిటీ మీద కాలేజీ ఆటల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ తీర్పు వచ్చినప్పటి నుంచి ఆ ప్రశ్న నాకు వారానికొకసారైనా ఎదురవుతోంది. అవతలి జట్ల సైగలు దొంగచాటుగా రికార్డు చేయించినవాళ్లకు బౌల్ బ్యాన్ (సీజన్ చివరి పెద్ద ఆటలు ఆడనివ్వకపోవడం) కూడా లేదా అని కొందరి కోపం. ఎప్పుడో వెళ్లిపోయిన కోచ్ చేసినదానికి ఇప్పటి పిల్లల ఆట ఎందుకు ఆపాలని ఇంకొందరి బాధ. నేను రెండో వైపు మనిషిని. శిక్ష ఎంత పెద్దదో చూసే ముందు అది ఎవరి వీపు మీద పడుతోందో చూస్తాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించే అలవాటు ఎన్‌సీఏఏకి చాలా ఏళ్లపాటు ఉంది.

మా ఊరి కథతోనే మొదలుపెడతాను. మేజర్ కాలేజీ ఫుట్‌బాల్‌లో డెత్ పెనాల్టీ, అంటే సీజన్ మొత్తం ఆట ఆపేసే శిక్ష, పడింది ఎస్ఎంయూ ఒక్కదానికే. 1985లో ప్రొబేషన్ పడ్డాక కూడా బూస్టర్ల (జట్టుకు డబ్బిచ్చే అభిమానుల) డబ్బు నియమాలకు విరుద్ధంగా ఆటగాళ్లకు అందుతూనే ఉందని బయటపడింది. 13 మందికి కలిపి 61,000 డాలర్లు. 1987 ఫిబ్రవరి 25న ఎన్‌సీఏఏ ఆ ఏడాది సీజన్ మొత్తం రద్దు చేసింది. 1988లో సొంత మైదానంలో ఒక్క ఆట కూడా ఆడకూడదంది. జట్టు కట్టడానికి సరిపడా మనుషులు లేక ఆ సీజన్‌ను కాలేజీయే వదులుకుంది. 55 స్కాలర్‌షిప్‌లు పోయాయి. తిరిగొచ్చిన 1989లో హ్యూస్టన్ చేతిలో 95–21తో చిత్తయింది. మళ్లీ బౌల్ గేమ్ మొహం చూసింది 2009లో, హవాయీలో. ఈ మధ్యలో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువున్న ఏడాది 1997 ఒక్కటే.

ఈ అంకెలు చూసి "అదీ శిక్షంటే" అనేవాళ్లు మా స్నేహితుల్లోనే ఉన్నారు. నాకు మాత్రం ఇదే కథలో ఇంకొకాయన కనిపిస్తాడు. బిల్ క్లెమెంట్స్ ఎస్ఎంయూ గవర్నర్ల బోర్డుకు ఛైర్మన్‌గా ఉండి, 1986 నవంబర్ ఎన్నికల్లో గెలిచి రెండోసారి టెక్సస్ రాష్ట్ర గవర్నర్ అయ్యారు. ముందే మాటిచ్చిన ఆటగాళ్లకు చెల్లింపులు ఒక్కసారిగా ఆపకుండా, వాళ్లు వెళ్లిపోయేదాకా కొనసాగించాలని బోర్డులో కొందరం కలిసి నిర్ణయించామని 1987 మార్చిలో ఆయనే ఒప్పుకున్నారు. ఎస్ఎంయూ ఆడని రెండు సీజన్లూ ఆయన గవర్నర్ కుర్చీలోనే ఉన్నారు. 1991 జనవరిలో పదవీకాలం ముగిశాకే దిగారు. అప్పట్లో నాలుగేళ్లు ఆడదామని చేరిన కుర్రాడేమో వేరే ఊళ్లో వేరే జట్టు వెతుక్కున్నాడు. శిక్ష పడిన మరునాటి నుంచే వేరే కాలేజీల కోచ్‌లు క్యాంపస్‌కు వచ్చి ఆటగాళ్లను ఏరుకుపోయారు.

ఎస్ఎంయూ విషయంలో అవతలివాళ్ల వాదనకు బలం లేదనను. తప్పు బోర్డు దాకా పాకింది, వెనకటి శిక్షలను లెక్కచేయలేదు, పట్టుబడ్డాక కూడా డబ్బు ఆపలేదు. అంత పుచ్చిపోయిన చోట కొన్నాళ్లు తలుపులు మూయడం తప్ప దారేముందని అడిగితే నా దగ్గర సూటి జవాబు లేదు. కానీ అందరికీ భయం పుట్టిందన్న మాట నేను నమ్మను. అదే కాన్ఫరెన్స్‌లోని టీసీయూ, హ్యూస్టన్, టెక్సస్ ఏ అండ్ ఎం ఆ దశాబ్దంలోనే శిక్షలు తిన్నాయి. సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సే 1996లో మూతపడింది. ఇప్పుడు ఆ 61,000 డాలర్ల సంగతేమిటి? 2025 జూన్‌లో ఆటగాళ్ల తరఫున నడిచిన హౌస్ కేసు రాజీకి కోర్టు ఆమోదం వచ్చాక కాలేజీలే తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచే వీలొచ్చింది, 2025–26లో 2.05 కోట్ల డాలర్ల దాకా. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి 1987 నాటి ఆ పిల్లలు తలపుకొస్తే నా మనసు చివుక్కుమంటుంది.

పెన్ స్టేట్ విషయం అసలు ఆటకు సంబంధించిన తప్పే కాదు. మాజీ అసిస్టెంట్ కోచ్ జెర్రీ శాండస్కీ చిన్నపిల్లల మీద ఏళ్ల తరబడి లైంగిక దాడులు చేశాడు. 2012 జూన్‌లో 45 అభియోగాల్లో దోషిగా తేలాడు. 2001లో ఒక ఘటన సంగతి పై అధికారులకు చేరినా పోలీసులకు చేరలేదు. మరుసటి నెలలో ఎన్‌సీఏఏ శిక్ష ప్రకటించింది. 6 కోట్ల డాలర్ల జరిమానా, నాలుగేళ్ల బౌల్ బ్యాన్, స్కాలర్‌షిప్‌ల కోత, 1998 నుంచి 2011 దాకా గెలిచిన 112 ఆటల రద్దు.

అందులో ఏది మిగిలిందో చూడండి. స్కాలర్‌షిప్‌లు 2013 నుంచే తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. బౌల్ బ్యాన్ 2014 సెప్టెంబర్‌లో ఎత్తేశారు. రద్దయిన గెలుపులు 2015 జనవరిలో వెనక్కి వచ్చాయి, కోచ్ జో పటెర్నో గెలుపుల లెక్క మళ్లీ 409 అయింది. చివరిదాకా నిలబడింది డబ్బు ఒక్కటే. ఆ 6 కోట్లలో 4.8 కోట్లు పెన్సిల్వేనియా రాష్ట్రానికి, 1.2 కోట్లు పిల్లలపై అఘాయిత్యాల మీద పరిశోధన చేసే కేంద్రానికి వెళ్లాయి. మొత్తం శిక్షలో బాధితుల లాంటి పిల్లలకు పనికొచ్చిన భాగం అదొక్కటే, వెనక్కి తీసుకోనిదీ అదే. అధ్యక్షుడితో సహా ముగ్గురు మాజీ అధికారుల సంగతి 2017లో కోర్టులు తేల్చాయి. ముగ్గురి మీదా నేరం ఖాయమైంది. ఆ పని ఎన్‌సీఏఏ వల్ల అయ్యేది కాదు. 2012లో పెన్ స్టేట్ జెర్సీ వేసుకున్న కుర్రాళ్లలో ఏ ఒక్కరూ శాండస్కీ సంగతి దాచలేదు. అయినా రెండు సీజన్లు బౌల్ ఆశ లేకుండా ఆడింది వాళ్లే. అందులో మొదటిది 8–4తో ముగించారు. ఆ సీనియర్లంటే నాకు ఇప్పటికీ గౌరవం.

బౌల్ బ్యాన్, స్కాలర్‌షిప్ కోత రెండూ కలిపి వేస్తే ఏమవుతుందో యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా)లో చూశాం. నియమాలకు విరుద్ధంగా కానుకలు తీసుకున్నాడన్న ఆటగాడు రెజీ బుష్ అక్కడ ఆడింది 2003 నుంచి 2005 దాకా. తీర్పు వచ్చింది 2010 జూన్‌లో. రెండేళ్ల బ్యాన్, 30 స్కాలర్‌షిప్‌లు. 2011లో 10–2తో సీజన్ ముగించిన జట్టు కాన్ఫరెన్స్ ఫైనల్ కూడా ఆడలేక ఇంట్లో కూర్చుంది. ఆ ఏడాది చేరిన ఫ్రెష్‌మన్ బుష్ ఆడే రోజుల్లో మిడిల్ స్కూల్లో ఉన్నాడు. కోచ్ పీట్ క్యారల్ అప్పటికే ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు సియాటిల్ సీహాక్స్‌కు వెళ్లిపోయారు. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది కదా, నచ్చని పిల్లలు వెళ్లిపోవచ్చు కదా అంటారు. నిజమే, పాత రోజులంత నరకం కాదు. కానీ మూడేళ్ల క్రెడిట్లు, మేజర్, స్నేహితులు అన్నీ వదిలి చివరి ఏడాది ఇంకో రాష్ట్రానికి పోవడం మన పిల్లాడికే పడితే మనం ఒప్పుకుంటామా?

గెలుపుల రద్దు గురించి ఎక్కువ చెప్పను. లూయీవిల్ 2013 బాస్కెట్‌బాల్ టైటిల్ బ్యానర్‌ను 2018లో కిందికి దించింది. ఆ ఫైనల్ చూసినవాళ్ల కళ్ల ముందు నుంచి మాత్రం ఆట పోదు.

ఇక నా దృష్టిలో అసలు సంగతి. మన దగ్గర షోకాజ్ నోటీసు అంటే తప్పు చేసినవాడు సంజాయిషీ ఇచ్చుకోవడం. ఎన్‌సీఏఏ షోకాజ్‌లో సంజాయిషీ ఇవ్వాల్సింది ఆ కోచ్‌ను తీసుకోబోయే కాలేజీ. ఎందుకు తీసుకుంటున్నామో వచ్చి చెప్పుకోవాలి, లేదంటే ఆంక్షలు తానూ మోయాలి. అంత తంటా ఎవరూ పడరు కాబట్టి ఆ కోచ్‌కు కాలేజీ తలుపులు దాదాపు మూసుకుపోతాయి. శిక్ష మనిషి వెంటే నడుస్తుంది. నాకు నచ్చేది అదే. ఆటగాళ్లను చేర్చుకోవడంలో అక్రమాలకు టెనెసీ మాజీ కోచ్ జెరెమీ ప్రూయిట్‌కు 2023లో ఆరేళ్లు పడింది. మిషిగన్ కేసులో సైగల రికార్డింగ్ నడిపించిన ఉద్యోగి కానర్ స్టాలియన్స్‌కు ఎనిమిదేళ్లు, అప్పటి హెడ్ కోచ్ జిమ్ హార్బాకు పదేళ్లు. హార్బా మీద అంతకుముందే వేరే కేసులో నాలుగేళ్లు ఉంది, అది 2028లో ముగిశాక ఈ పదేళ్లు మొదలవుతాయి.

దీనికి పెద్ద చిల్లు ఒకటుంది. హార్బా 2024 జనవరిలోనే ఎన్ఎఫ్ఎల్ జట్టు చార్జర్స్‌కు వెళ్లిపోయారు. క్యారల్ సీహాక్స్‌కు వెళ్లినట్టే. కాలేజీ షోకాజ్‌తో ఎన్ఎఫ్ఎల్‌కు పనిలేదు. అయితే ఎన్ఎఫ్ఎల్ ఎప్పుడూ పట్టించుకోలేదా అంటే, పట్టించుకుంది. 2011లో ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ టెరెల్ ప్రయర్ తన వస్తువులు అమ్ముకున్న వ్యవహారంలో అయిదు ఆటల సస్పెన్షన్ ఉండగా కాలేజీ వదిలి వస్తే, ఆ అయిదు ఆటలూ ఎన్ఎఫ్ఎల్‌లో కూర్చోబెట్టారు. అదే వ్యవహారంలో రాజీనామా చేసిన కోచ్ జిమ్ ట్రెసెల్‌ను ఎన్ఎఫ్ఎల్ జట్టు కోల్ట్స్ సలహాదారుగా తీసుకున్నా, ఏడో ఆట దాకా పనిలో చేర్చుకోలేదు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి వర్తించింది కోట్ల జీతం తీసుకునే హెడ్ కోచ్‌కు వర్తించకపోవడం నాకు మింగుడు పడదు. శిక్షలను సంస్కరించాలంటే నేను మొదట చేయి పెట్టేది ఇక్కడే. షోకాజ్ నడుస్తున్నంత కాలం ఎన్ఎఫ్ఎల్ కూడా సీజన్‌లో కొన్ని ఆటలకైనా ఆ కోచ్‌ను పక్కన కూర్చోబెట్టాలి. కాలేజీల వైపు నుంచి కూడా ఒక పని ఉంది. కోచ్ ఏ లీగ్‌కు పోయినా, ఆ తప్పు జరిగిన ఏళ్లలో తీసుకున్న బోనస్‌లు వెనక్కి కట్టేలా కాంట్రాక్టులోనే రాసుకోవాలి.

రెండోది జరిమానా. టెనెసీకి 80 లక్షల డాలర్లు వేశారు, బౌల్ బ్యాన్ వేయలేదు. మిషిగన్‌కు 50,000 డాలర్లు, ఫుట్‌బాల్ బడ్జెట్‌లో పది శాతం, 2025, 2026 సీజన్లలో పోస్ట్‌సీజన్ ఆడకపోతే ఎంత నష్టపోయేదో అంతా కట్టమన్నారు. అన్నీ కలిపితే 2 కోట్ల డాలర్లు దాటుతుందని, 3 కోట్లకు చేరవచ్చని అప్పట్లో లెక్కలు వేశారు. పోస్ట్‌సీజన్ బ్యాన్ వేయదగ్గ కేసేనని, కానీ అది ఇప్పుడు ఆడుతున్నవాళ్లకు అన్యాయమని తీర్పులోనే రాశారు. ఆ వాక్యం కోసం నేను చాలా ఏళ్లు ఎదురుచూశాను.

"డబ్బున్న కాలేజీకి డబ్బొక లెక్కా?" అని అడుగుతారు. మిషిగన్ క్రీడా విభాగం బడ్జెట్ ఏడాదికి 20 కోట్ల డాలర్ల పైమాటే కాబట్టి ఆ అనుమానం సహజం. అందుకే జరిమానా బడ్జెట్‌లో శాతంగా ఉండాలి, పది శాతం నాకు తక్కువే. దానికన్నా నాకు ఎక్కువ బెంగ ఆ డబ్బు ఎక్కడి నుంచి కోస్తారన్నది. మన ఇళ్లలో కాలేజీ స్థాయికి వెళ్లే పిల్లలు టెన్నిస్, ఈత, ఫెన్సింగ్, స్క్వాష్ వైపే ఎక్కువ. డబ్బుకు కటకట వచ్చినప్పుడు ముందు కత్తి పడేది వాటి మీదే. 2020లో స్టాన్‌ఫర్డ్ లాంటి కాలేజీయే ఫెన్సింగ్, స్క్వాష్‌తో కలిపి 11 ఆటలు తీసేస్తామంది, మరుసటి ఏడాది వెనక్కి తగ్గింది. పెన్ స్టేట్ ఉత్తర్వులో ఒక మంచి షరతు పెట్టారు: ఈ జరిమానా కట్టడానికి మరే జట్టునూ తీసేయకూడదు. ప్రతి తీర్పులోనూ ఆ షరతు ఉండాలి.

కొన్ని తప్పులు అసలు ఎన్‌సీఏఏ చేతికే చిక్కవు. నార్త్ కరొలైనాలో 18 ఏళ్లపాటు పేరుకే నడిచిన క్లాసులు ఆటగాళ్లు కాని విద్యార్థులకూ అందుబాటులో ఉన్నాయి కాబట్టి తమ నియమాలకు రాదని 2017లో వదిలేసింది. మిషిగన్ స్టేట్‌లో డాక్టర్ ల్యారీ నాసర్ చేసిన లైంగిక దాడుల విషయంలోనూ తన నియమాల ఉల్లంఘన కనబడలేదంది. అక్కడ బాధితులకు 50 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది 2018లో, దావాల వల్ల. నేరాలను కోర్టులకు వదలడమే నయం.

అందుకే ఆ కుర్రాడికి ఇప్పుడు చెప్పమంటే షోకాజ్ ముందు, జరిమానా తర్వాత అంటాను. పాత శిక్ష నడుస్తుండగానే మళ్లీ తప్పు చేసిన చోటికే, అదీ పైవాళ్ల ఎరుకలో చేస్తేనే, ఆట ఆపడం మిగలాలి. బౌల్ బ్యాన్ పూర్తిగా మానేయాలి. ఒక్క విషయంలో మిషిగన్ తీర్పు నాకు వెలితిగా అనిపిస్తుంది. పెన్ స్టేట్ 6 కోట్లూ ఎక్కడ ఖర్చు కావాలో కాగితం మీద ఉంది. మిషిగన్ కట్టే కోట్లకు అలాంటి చిరునామా లేదు. ఈ కేసులో నష్టపోయింది అవతలి జట్ల పిల్లలు. గాయాలతో ఆట మానేసినవాళ్ల వైద్యానికో, చదువు పూర్తిచేయని మాజీ ఆటగాళ్ల ఫీజుకో ఆ డబ్బు పోవాలని తీర్పులో ఒక్క పేరా రాసి ఉంటే సరిపోయేది.