ఉప్పుగాలిలో మూడు వేసవులు: మా వ్యాను పైకప్పు ఏసీ

2022 ఫిబ్రవరిలో మా బావ, నేను కలిసి ఒక పాత టెంపో ట్రావెలర్ కొన్నాం. సీట్లు పీకించేసి రెండు మంచాలు, చిన్న స్టవ్వు, సింకు పెట్టించాం. కాగితాల కోసం తిరిగిన తిరుగుడు వేరే కథ. ఉండేది విజయనగరంలో. శనివారం మధ్యాహ్నం బయల్దేరితే చింతపల్లి బీచో, కళింగపట్నమో, కాస్త ఎక్కువ సెలవు దొరికితే బారువో వెళ్లి, సరుగుడు తోటల పక్కన బండి ఆపుకుని పడుకుంటాం. ఏప్రిల్, మే నెలల్లో ఆ రేకు డబ్బాలో ఏసీ లేకుండా పడుకోవడం అంటే ఇడ్లీ పాత్రలో పడుకోవడమే. అందుకని పైకప్పు ఏసీ బిగించాం.

ముందే చెప్పేస్తా, ఏసీ మంచిదే. మూడు వేసవుల్లో ఆరుసార్లు ఆగింది. అందులో ఏసీ లోపలి వస్తువు పాడై ఆగింది ఒక్కసారే. మిగతా ఐదుసార్లూ తప్పు మాదో, మేం తెచ్చుకున్న కరెంటుదో.

ఇది 13,500 బీటీయూ మెషిన్, అంటే గంటకి అంత వేడిని బయటికి తోడుతుంది. 12,000 బీటీయూ అంటే ఒక టన్ను కాబట్టి టన్ను కంటే కాస్త ఎక్కువ. ఇంట్లో స్ప్లిట్ ఏసీకి బయట ఒక పెట్టె, లోపల ఒక పెట్టె ఉంటాయి. ఇక్కడ రెండూ ఒకే పెట్టెలో ఇమిడి, పైకప్పులో 14 అంగుళాల చదరపు కన్నం మీద కూర్చుంటాయి. పాతకాలం కిటికీ ఏసీని వెల్లకిలా పడుకోబెట్టినట్టు. ఇంజన్‌తో నడిచే బండి ఏసీతో దీనికి సంబంధం లేదు. 230 వోల్టుల కరెంటు కావాలి. నడుస్తున్నప్పుడు మా మీటర్లో ఆరున్నర ఆంపియర్ల దాకా చూపిస్తుంది.

మొదటిసారి ఆగింది కళింగపట్నంలో, మే నెల, రాత్రి ఎనిమిదిన్నర. ఒక టీకొట్టు ఆయన్ని బతిమాలి, డబ్బులిచ్చి, 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగాం. ఫ్యాను తిరిగింది. గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ దగ్గరికొచ్చేసరికి "మ్‌మ్‌మ్" అని మూలిగి, లైట్లు గుడ్డివై, టక్‌మని ఆగింది. కాసేపటికి మళ్లీ మూలుగు, మళ్లీ టక్. కొత్త మెషిన్, ఒకటే టెన్షన్. బావ అప్పుడే పైకెక్కి మూత విప్పేస్తానంటున్నాడు. టీకొట్టు ఆయన నింపాదిగా వచ్చి, "ఏటి బాబూ, ఆగిపోనాదా? మా ఫ్రిజ్జు కూడా సాయంత్రమైతే ఇలాగే మూలుగుతాది" అన్నాడు.

అసలు జబ్బు ఆ మాటలోనే ఉంది. మల్టీమీటర్ తీసి ప్లగ్గు దగ్గర చూస్తే 212 వోల్టులు. పర్లేదు అనుకున్నాం. ఏసీ ఆన్ చేసి, కంప్రెసర్ ఎత్తుకునే, అంటే తిరగడం మొదలుపెట్టే క్షణంలో చూస్తే ముల్లు 150కి పడిపోయింది. ఉత్తప్పుడు చూసిన వోల్టేజీకి విలువ లేదు, బరువెత్తేటప్పుడు చూడాలి.

ఎందుకలా పడిందో తర్వాత ఇంటికొచ్చి లెక్కేశాను. మా ఎక్స్‌టెన్షన్ వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లది, అంటే సెల్ ఛార్జరుకీ టేబుల్ ఫ్యానుకీ సరిపోయేది. 30 మీటర్లంటే కరెంటు పోయిరావడానికి 60 మీటర్ల రాగి. దాని నిరోధం ఒకటిన్నర ఓమ్ ఉంటుంది. కంప్రెసర్ ఎత్తుకునేటప్పుడు, మామూలుగా లాగే దానికి నాలుగైదు రెట్లు, అంటే 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ లెక్కన ఒక్క వైరులోనే 45 వోల్టులు ఆవిరి. మిగతాది ఆ వీధి లైను తినేసింది. వోల్టేజీ చాలక మోటారు తిరగదు, తిరగని మోటారు ఆ 30 ఆంపియర్లనూ లాగుతూ వేడెక్కుతుంది, వేడికి ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ తెగి కరెంటు ఆపుతుంది. చల్లారాక మళ్లీ మొదలు. ఇలా పదిసార్లు చేయనిస్తే నిజంగానే కంప్రెసర్ కాలిపోతుంది. మూలుగు వినగానే స్విచ్ కట్టేయాలి. ఆగిన వెంటనే మళ్లీ నొక్కడం కూడా తప్పే. లోపలి గ్యాస్ ఒత్తిడి సర్దుకోవడానికి కనీసం మూడు నిమిషాలు ఆగాలి.

ఆ రాత్రి తలుపులు తీసుకుని దోమలకి విందు చేశాం. మర్నాడు చుట్టేటప్పుడు చూస్తే, రీలుకి లోపల మిగిలిన వైరు చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. చుట్ట మీద చుట్ట ఉంటే వేడి పోదు. మూలిగిన ఆ కాసేపట్లోనే ప్లాస్టిక్ మెత్తబడింది. ఇంకో గంట అలా ఉంటే ఏమయ్యేదో.

ఇంటికొచ్చాక 25 మీటర్లు, 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ కొన్నాం. బరువు, ఖరీదు, చుట్టడానికి చేతులు నొప్పి. కానీ దీనిలో అదే 30 ఆంపియర్లకి ఎనిమిది వోల్టులు కూడా పడదు. 15 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించాం. వ్యానులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కట్టేసే స్విచ్, కూడా వేయించాం, ఎందుకంటే చాలా కొట్లలో మూడో పిన్నుకి ఎర్తు ఉండదు, మన బండేమో రబ్బరు టైర్ల మీద ఉంటుంది. కనెక్షన్ ఇవ్వగానే టెస్టర్‌తో తలుపు ముట్టి చూడటం ఇప్పుడు నాకు చెప్పులు విప్పినంత అలవాటు. అయినా చింతపల్లి దగ్గర ఇంకోసారి ఆగింది. అక్కడ అసలు లైనులోనే 180 ఉంది. కేబుల్ ఎంత లావైతే ఏం లాభం. ఆ రాత్రికి ఫ్యానే గతి.

తాటిపూడి రిజర్వాయర్ దగ్గర జరిగింది వేరు. వాన కురిసి ఆగింది, గాలంతా తడి. ఏసీ నడుస్తోంది, చప్పుడు మామూలే, గాలి మాత్రం రాను రాను సన్నబడింది. అర్ధరాత్రి మా మేనకోడలు లేచి, "మావయ్యా, లోపల వాన పడతాంది" అంది. జాలీ తీసి టార్చి వేస్తే, గాలిని చల్లబరిచే లోపలి గొట్టాల కాయిల్ మొత్తం తెల్లగా మంచు, పాత ఫ్రిజ్జుల్లో ఐసు గడ్డ కట్టినట్టు. నేను చేసిన ఘనకార్యం, 16 డిగ్రీలకి పెట్టి, చప్పుడు తగ్గుతుందని ఫ్యాను స్లోలో ఉంచడం. దానికి తోడు రెండు నెలలుగా కడగని ఫిల్టరు. గాలి సరిపడా ఆడకపోతే కాయిల్ మీద చేరిన తేమ గడ్డకడుతుంది. గడ్డ కట్టిన కొద్దీ గాలి ఇంకా ఆగుతుంది. మందు తేలికే. కూలింగ్ ఆపి, ఫ్యాను ఒక్కటే ఫుల్లులో గంటసేపు తిప్పితే మంచు కరిగిపోతుంది. కింద బకెట్టు పెట్టుకోవాలంతే. చాకుతో గీకకూడదు, కాయిల్‌కి కన్నం పడితే ఏసీ కథ ముగిసినట్టే. అప్పట్నుంచి 25 డిగ్రీలు, ఫ్యాను ఫుల్లు, పదిహేను రోజులకోసారి ఫిల్టరు కడగడం.

ఇక నిజంగా వస్తువు పాడైన ఆ ఒక్కసారి. రెండో ఏడాది మార్చి, బండి మా ఇంటి ముందే ఉంది, వోల్టేజీ 230. అయినా అదే మూలుగు, అదే టక్. ఒక సర్వీసు సెంటరువాళ్లు ఫోన్లోనే కంప్రెసర్ పోయిందని తేల్చి, 28 వేలు అన్నారు. మా వీధి చివర ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే కుర్రాడికి ఫోన్లో ఆ మూలుగు వినిపిస్తే, "కండెన్సర్ పోనాది సార్" అన్నాడు. నా గుండె జారిపోయింది, ఎందుకంటే ఏసీవాళ్ల భాషలో కండెన్సర్ అంటే వేడిని బయటికి వదిలే పెద్ద కాయిల్. అతని భాషలో కండెన్సర్ అంటే సీలింగ్ ఫ్యానులో మార్చే కెపాసిటర్, మోటారు ఎత్తుకోవడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా! వచ్చి మూత విప్పితే, డబ్బా తల ఉబ్బి, పూరీలా పొంగి ఉంది. అదే సామర్థ్యంది (దాన్ని మైక్రోఫ్యారడ్లలో కొలుస్తారు), వోల్టు రేటింగు తగ్గకుండా ఇంకోటి పెట్టాడు. వస్తువు, కూలీ కలిపి 450 రూపాయలు. ఒకటి స్పేర్ కూడా కొని వ్యానులో పడేశాను. అయితే ప్లగ్గు పీకేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుంది, గట్టిగా కొడుతుంది. ఆ పని తెలిసినవాడికే వదిలేయండి. ఆ కుర్రాడు ముందు బల్బు పెట్టిన హోల్డరు తీగలు దానికి ఆనించి, ఉన్న కరెంటంతా దించాకే చెయ్యి పెట్టాడు.

ఐదోసారి జనరేటర్ చాలకపోవడం. 2 కేవీఏది అద్దెకు తెస్తే కంప్రెసర్‌ని ఎత్తలేకపోయింది. ఎత్తుకునేటప్పుడు లాగే కరెంటుని తగ్గించే సాఫ్ట్ స్టార్టర్ పెట్టిస్తే ఎత్తుతుందంటారు, అది నేను పెట్టించలేదు. జనరేటర్ చప్పుడు పక్కన సముద్రం వినిపించకపోతే ఇంక అక్కడికి వెళ్లడం దేనికి?

ఆరోది బారువలో. మిట్టమధ్యాహ్నం అరగంట నడవడం, ఆగడం. పైకెక్కి చూస్తే, వేడిని వదిలే వెనక కాయిల్ అల్యూమినియం రెక్కల మధ్య సరుగుడు పుల్లలు, ఇసుక, తెల్లటి ఉప్పు పొడి. వేడి బయటికి పోయే దారి లేదు. ప్లగ్గు తీసి, మూత విప్పి, మంచినీళ్లు మగ్గుతో మెల్లగా పోసి కడిగాం. ప్రెషర్ పంపు వాడితే రెక్కలు వంగిపోతాయి. ఇప్పుడు సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన ప్రతిసారీ కడుగుతున్నా, రెక్కల అంచులు పెళుసుబారి రాలుతున్నాయి. నిజం చెప్పాలంటే ఈ మెషిన్ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే. ఆ కాయిల్‌కి తుప్పు పట్టని పూత వేసి ఉంటే మన తీరానికి సరిపోయేది.

ఎవరైనా "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అంటే నమ్మేముందు ఒక పని చేయండి. ఏసీ పావుగంట నడిచాక, గాలి లోపలికి లాగే చోట ఒకసారి, బయటికి వదిలే చోట ఒకసారి థర్మామీటర్ పెట్టండి. 8 నుంచి 11 డిగ్రీల తేడా ఉంటే గ్యాస్ భేషుగ్గా ఉన్నట్టే. బాగా ఉక్కగా ఉన్న రోజు కాస్త తక్కువ చూపించినా కంగారు పడక్కర్లేదు, శక్తిలో కొంత తేమని నీళ్లు చేయడానికే పోతుంది. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. మా మెషిన్‌కైతే ఫ్యాక్టరీలోనే సీలు వేశారు, నింపడానికి నాజిల్ కూడా లేదు.

చప్పుడు ఎక్కువే. మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుంటుంది. రిమోట్ నాసిరకం. చల్లదనం మాత్రం, కరెంటు బాగుంటే, మే నెల మధ్యాహ్నం కూడా పావుగంటలో తెలుస్తుంది. పిల్లలు నిమిషానికోసారి తలుపు తీయకుండా ఉంటే. ఊళ్లలో దొరికే కరెంటు మీదే ఆధారపడేవాళ్లు ముందు కేబుల్‌కి, మల్టీమీటర్‌కి డబ్బులు పక్కన పెట్టుకుని, ఆ తర్వాత ఏసీ కొనండి. మా వ్యానుకి ఇప్పుడు పైకప్పు రబ్బరు గ్యాస్కెట్ మార్చాల్సి ఉంది. గతుకుల రోడ్లకి బోల్టులు వదులై, మొన్న వానకి ఒక మూల తడి కనిపించింది. బావ ఆదివారం వస్తానన్నాడు.