అమెరికాలో స్కౌట్ వేసవి క్యాంపు: బ్యాడ్జీల పట్టిక కాదు, చెరువూ వంటా చూడండి

అమెరికాలో స్కౌట్ ట్రూపులో (దళంలో) చేరిన తెలుగు పిల్లల ఇళ్లలో వసంతం రాగానే ఒకటే చర్చ: ఏ క్యాంపులో ఎన్ని మెరిట్ బ్యాడ్జీలు (ఒక్కో విద్య నేర్చుకున్నందుకు ఇచ్చే గుర్తులు) వస్తాయి? ఆ లెక్కతో క్యాంపును ఎంచుకుంటే సగం తప్పినట్టే. వారం బాగా గడవడానికి ముఖ్యమైనవి మూడు: చెరువు దగ్గర పద్ధతులు, భోజనం, మన గుడారాల చోటు నుంచి ఆ రెండింటికీ ఎంత నడవాలన్నది. కొండ మీద సైటు దొరికిందంటే రోజుకు ఆరేడుసార్లు ఎక్కి దిగాలి. నీళ్ల సీసా, తడి తువ్వాలు, పుస్తకం అన్నీ పిల్లాడి వీపు మీదే.

చాలా క్యాంపులు ఆదివారం మధ్యాహ్నం మొదలై శనివారం పొద్దున ముగుస్తాయి. చేరగానే ఆరోగ్య పత్రాలు చూస్తారు. 72 గంటలు దాటే క్యాంపుకు ఆ పత్రంలో ఎ, బి భాగాలతో పాటు డాక్టరు సంతకం చేసే సి భాగం కూడా కావాలి. పరీక్ష జరిగి 12 నెలలు దాటకూడదు. మే నెలాఖరులో అపాయింట్‌మెంట్ కోసం పరుగెత్తితే దొరకదు, మార్చిలోనే తీసుకోండి. మందులు డాక్టరు చీటీ అంటించిన అసలు సీసాలోనే పెట్టి పెద్దలకు ఇవ్వాలి. ఇన్‌హేలర్, ఎపిపెన్ (అలర్జీ ముదిరితే వేసే ఇంజెక్షన్) లాంటివి మాత్రం పిల్లాడి దగ్గరే ఉండాలి.

ఆ వెంటనే ఈత పరీక్ష. తల మునిగే లోతులోకి కాళ్లు ముందుగా దూకి, 100 గజాలు ఆగకుండా ఈదాలి. మొదటి 75 బోర్లా గానీ పక్కకు తిరిగి గానీ ఈదేవి, చివరి 25 వెల్లకిలా సేదదీరుతూ ఈదేవి. ఆఖర్న కదలకుండా కాసేపు తేలాలి. వెచ్చటి కొలనులో బాగా ఈదేవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. చెరువు చల్లదనానికి ఊపిరి బిగుసుకుంటుంది, ఆ గాభరాలో మొదటి 25 గజాలూ వేగంగా కొట్టి అలిసిపోతారు. వరుసలో ఉండగానే మెడ, ముఖం తడుపుకుని, బ్రెస్ట్ స్ట్రోక్‌తో నింపాదిగా మొదలుపెడితే చాలావరకు గట్టెక్కుతారు. తప్పితే వారంలో మళ్లీ ఈ పరీక్ష పెడతారా, అంతవరకు ఈత నేర్పిస్తారా అని ముందే అడగండి. ఇందులో క్యాంపుకీ క్యాంపుకీ చాలా తేడా.

నీళ్లలోకి జతగానే దిగాలి. పేరున్న బిళ్లను బోర్డుకు తగిలించి దిగి, బయటికి రాగానే తీసేయాలి. పది నిమిషాలకోసారి ఈల వేసి జతల్ని లెక్కిస్తారు. ఒక్కడు బిళ్ల తీయడం మరిచి భోజనానికి వెళ్లిపోతే చెరువులో ఉన్న అందర్నీ బయటికి రప్పించి మునిగాడేమోనని వెతుకుతారు. అలా వెతికే క్యాంపును మెచ్చుకోవాలి, విసుక్కోకూడదు.

బస అంటే చెక్క వేదిక మీద కాన్వాస్ గుడారం, లోపల ఇద్దరికి రెండు మంచాలు. కింద నుంచి చలి ఎక్కకుండా మంచం మీద ఒక ఫోమ్ పరుపు, దోమతెరకు నాలుగు కర్రలు తెచ్చుకోవాలి. దోమల స్ప్రేను లోపల కొట్టకూడదు, కాన్వాస్ నీరు ఆపే గుణం పోతుంది. వాన పడితే నూలుతాడు, కాన్వాస్ రెండూ బిగుస్తాయి కాబట్టి తాళ్లను కాస్త వదులు చేయాలి. లేదంటే మేకులు ఊడొస్తాయి. రాత్రి పడుకునే ముందు మోకాళ్ల వెనక, నడుము చుట్టూ, జుట్టు మొదట్లో పురుగులున్నాయేమో చూసుకోవాలి. టిక్ (చర్మాన్ని కరుచుకుని రక్తం పీల్చే పురుగు) కనబడితే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయాలి.

భోజనం మన పిల్లలకు అసలు పరీక్ష. శాకాహారమంటే చాలాచోట్ల చీజ్ శాండ్‌విచ్, పాస్తా, సలాడ్. చిల్లీలో, సాసుల్లో బీఫ్ ఉంటుంది. క్యాంప్‌ఫైర్ దగ్గర కాల్చే మార్ష్‌మాలోలో జెలటిన్. రెండు మూడు వారాల ముందే వంటవాళ్లకు రాసి, ఏయే పూటకు ఏం పెడతారో తెలుసుకోవాలి. సమాధానమే రాకపోతే ఆ వంటశాల ఎలాంటిదో తెలిసినట్టే. కందిపొడి చిన్న డబ్బా పంపండి, ఆవకాయ మాత్రం వద్దు. వాసనొచ్చే ఏ వస్తువునూ గుడారంలో ఉంచనివ్వరు. ట్రూపు ట్రైలర్‌లోనో ఎలుగుబంటి తెరవలేని పెట్టెలోనో పెట్టాలి. పాట్రోల్‌గా (ట్రూపులోని చిన్న జట్టుగా) వండుకునే క్యాంపులైతే మనకు మేలు, పప్పూ అన్నం మనవాళ్లే వండుకోవచ్చు. కానీ గిన్నెలు తోమేసరికి తొమ్మిది గంటల బ్యాడ్జీ క్లాసు దాటిపోతుంది.

బుధవారానికి కడుపునొప్పులు మొదలవుతాయి. కారణం తిండి కాదు, మరుగుదొడ్డి నచ్చక పిల్లలు మూడు రోజులు బిగబట్టడం. మొదటి రోజు నుంచే వెళ్లమని చెప్పి పంపండి. ఇంటిమీద బెంగ ఫోనులో అమ్మ గొంతు వింటే పెరుగుతుందే తప్ప తగ్గదు. పోస్టు చేసిన ఉత్తరం క్యాంపు ముగిశాక చేరొచ్చు కాబట్టి రోజుకొకటి చొప్పున ముందే రాసి స్కౌట్‌మాస్టర్‌కు (ట్రూపు నాయకుడికి) ఇవ్వండి.

బ్యాడ్జీల విషయంలో కొత్తవాళ్లకు మూడు నాలుగు చాలు. ఈత, విలువిద్య, తోలుపని లాంటివి అక్కడే బాగా వస్తాయి. పౌరసత్వం బ్యాడ్జీలకు చెట్టుకింద క్లాసు వినడం వారాన్ని వృథా చేయడమే. పర్సనల్ మేనేజ్‌మెంట్‌కు 13 వారాల బడ్జెట్ లెక్క రాయాలి, అది క్యాంపులో పూర్తి కాదు. క్యాంపింగ్ బ్యాడ్జీకి 20 రాత్రులు కావాలి, వేసవి క్యాంపు నుంచి అందులో 6 మాత్రమే లెక్కకొస్తాయి.

పెద్ద పిల్లలకు న్యూమెక్సికోలోని ఫిల్‌మాంట్ అనే స్కౌట్ క్యాంపు వేరే స్థాయి. అది బస కాదు, వీపు మీద ఇల్లు మోస్తూ రోజుల తరబడి నడక. ఇలాంటి వారం రోజుల క్యాంపులు రెండు మూడు చూసినవాళ్లకే అది పనికొస్తుంది.

శుక్రవారం సాయంత్రం బ్యాడ్జీ రికార్డులు మీ నాయకుడితో కూర్చుని సరిచూసుకోవాలి. నేర్పినవాళ్లలో చాలామంది కాలేజీ పిల్లలే, ఆగస్టు దాటితే ఎవరెక్కడున్నారో దొరకరు. బ్యాడ్జీకి కావాల్సిన ఏ పని పూర్తి కాలేదో, ఏ సంతకం లేదో ఆ రాత్రే అడిగించండి.