గేమ్ టెస్టింగ్: ఇంటి నుంచి మేలా, ఆఫీసుకెళ్తే మేలా?

ఇంట్లో కూర్చుని గేమ్స్ ఆడుతూ జీతం తీసుకోవచ్చన్న ఆశతో ఈ పనివైపు చూసే పిల్లలు చాలామంది ఉన్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది మీ మొదటి ఉద్యోగమైతే ఆఫీసుకే వెళ్లండి. ఒకట్రెండేళ్లు గడిచాక ఇంటి నుంచి చేయడం గురించి ఆలోచించవచ్చు.

గేమ్‌లో తప్పులు (బగ్స్) పట్టుకోవడానికి ఆడిన చోటే మళ్లీ మళ్లీ ఆడడమే ఈ పని. గేమ్‌లో ఒక తలుపు ఉంటే దాన్ని పరిగెడుతూ తీయాలి, వెనక్కి నడుస్తూ తీయాలి, మధ్యలో మెనూ తెరిచి తీయాలి. ఎక్కడో ఒకచోట క్యారెక్టర్ గోడలో ఇరుక్కుపోతుంది. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది. "సౌండ్ రావట్లేదు" అని రాస్తే డెవలపర్ ఏం చేయగలడు? ఏ బిల్డ్ (గేమ్ వెర్షన్), ఏ ఫోన్, ఎంత ర్యామ్ అన్నవి ముందు రాయాలి. తర్వాత, "మూడో లెవెల్లో ఫైట్ జరుగుతుండగా కాల్ వచ్చింది, కట్ చేసి గేమ్‌లోకి తిరిగొస్తే సౌండ్ లేదు, 5 సార్లు చేస్తే 4 సార్లు ఇలాగే జరిగింది" అని వివరంగా రాసి, వీడియో జతచేసి, బగ్స్ నమోదు చేసే జిరా అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలి.

ఇలా రాయడం పక్క సీటువాళ్లను చూసే వస్తుంది. మీ బగ్ "మాకు రావట్లేదు" అని వెనక్కొస్తే, టీమ్ లీడ్ మీ కుర్చీ వెనక నిలబడి ఒకసారి చూసి, "కాల్ వచ్చినప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నావా?" అని అడుగుతారు. అంతే, చిక్కుముడి వీడిపోతుంది. ఇంట్లో ఉంటే అదే ప్రశ్న చాట్‌లో తిరిగి తిరిగి వచ్చేసరికి కొత్త బిల్డ్ కూడా వచ్చేస్తుంది.

కన్సోల్ గేమ్స్ (ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి వాటిలో ఆడేవి) మీద ఆసక్తి ఉన్నవాళ్లకైతే ఆఫీసు దాదాపు తప్పనిసరి. ఈ టెస్టింగ్ ఎక్కువగా సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో ఒప్పందం మీద ఇచ్చే ప్రత్యేక కిట్ల మీద జరుగుతుంది. కరోనా రోజుల్లో చాలా స్టూడియోలు టెస్టర్లను ఇళ్లకు పంపినా, విడుదల కాని గేమ్‌ను గుట్టుగా ఉంచాలన్న టెన్షన్ పోలేదు. 2022 సెప్టెంబరులో ఒక హ్యాకర్ జీటీఏ 6 వీడియోలు సుమారు 90 బయటపెట్టాడు. ఆ గేమ్ తీస్తున్న రాక్‌స్టార్‌కు బెంగళూరులోనూ స్టూడియో ఉంది. రాక్‌స్టార్ 2024 ఏప్రిల్ నుంచి అందరూ వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలంది. చెప్పిన కారణాల్లో భద్రత ఒకటి.

ఆఫీసుకూ బాధలు లేకపోలేదు. గచ్చిబౌలి చుట్టుపక్కల హాస్టల్ ఫీజు కట్టాక కొత్తవాళ్ల జీతంలో మిగిలేది తక్కువ. ప్రాజెక్టు అయిపోగానే ముగిసే కాంట్రాక్టులే ఎక్కువ. విడుదల తేదీ దగ్గరపడితే ఆదివారాలు కూడా ఉండవు.

మొబైల్ గేమ్స్ దగ్గర మాత్రం ఇంటి పక్షాన గట్టిగా మాట్లాడతాను. ఆఫీసు వైఫైలో నున్నగా నడిచే గేమ్, మన ఊళ్లో సిగ్నల్ 4జీ నుంచి 2జీకి పడి మళ్లీ లేచేసరికి లోడింగ్ దగ్గరే ఆగిపోతుంది. మూడేళ్ల పాత చవక ఫోన్ ఎండాకాలం మధ్యాహ్నం వేడెక్కి, ఫ్రేములు పడిపోయి బొమ్మ ఆగి ఆగి కదిలితే, అది లక్షల మంది ఎదుర్కొనే అసలు సమస్య. పని బాగా తెలిసిన టెస్టర్ రాజమండ్రిలోనో కరీంనగర్‌లోనో ఉండడం కంపెనీకే లాభం.

అయితే ఇంటి నుంచి పని అంటే కంపెనీ జీతం ఒక్కటే కాదు. టెస్టుకింత అని ఇచ్చే వేదికలూ ఉన్నాయి. ప్లేటెస్ట్‌క్లౌడ్‌లో సొంత ఫోన్ మీద ఆడుతూ, మనసులో అనిపించింది పైకి చెప్పాలి. స్క్రీన్, గొంతు రెండూ రికార్డవుతాయి. పావుగంట టెస్టుకు సుమారు 9 డాలర్లు ఇస్తారు. వినడానికి బాగుంటుంది కానీ, మీ ప్రొఫైల్ సరిపోతేనే పిలుపు వస్తుంది. బగ్ పట్టిస్తే డబ్బిచ్చే యూటెస్ట్‌లో మీకంటే ముందు ఇంకొకరు అదే బగ్ పెట్టేసి ఉంటే మీ శ్రమకు ఫలితం ఉండదు. చేతిఖర్చుకు సరే, ఇంటి అద్దె దీనిమీద పెట్టుకోవద్దు.

పైసా రాకపోయినా నేర్చుకోవడానికి పనికొచ్చే దారి ఒకటుంది. 2023 నవంబరు తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకు గూగుల్ ప్లే ఒక షరతు పెట్టింది: యాప్ విడుదలకు ముందు 14 రోజులపాటు టెస్టర్లు ఉండాలి. మొదట 20 మంది అన్నారు, తర్వాత 12కి తగ్గించారు. అందుకే చిన్న డెవలపర్లు టెస్టర్ల కోసం వెతుకుతుంటారు. వాళ్లకు నాలుగు మంచి రిపోర్టులు రాసిచ్చి, ఇంటర్వ్యూలో చూపించడానికి అనుమతి అడగండి.

"గేమ్ టెస్టర్లు కావలెను, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తే మాత్రం అక్కడే ఆగిపోండి. నిజమైన కంపెనీ ఏదీ ఉద్యోగానికి డబ్బు అడగదు. ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంటి నుంచి చేసే మంచి ఉద్యోగమే దొరికితే, సంతకానికి ముందు టెస్ట్ ఫోన్లు ఎవరిస్తారో, నెట్ బిల్లు ఎవరు కడతారో అడగండి. పీసీ గేమ్ బిల్డ్ ఒక్కోటి పదుల జీబీలు ఉంటుంది. సొంత ఫోన్ మీదే చేయాలంటే దాని బ్యాటరీ అరుగుదలను కూడా లెక్కలో వేసి జీతం మాట్లాడుకోండి.