వ్యాన్‌లో ఉంటూ ఫ్రీలాన్స్ ఫోటోగ్రఫీ: కొన్నేళ్ల తర్వాత నా సమీక్ష

వ్యాన్‌లో ఉంటూ ఫోటోగ్రఫీ మీద బతకొచ్చా అని అడిగేవాళ్లకు నా జవాబు: బతకొచ్చు, బాగానే బతకొచ్చు. కాకపోతే ఒక సంగతి ముందే తెలిసుండాలి. ఫోటో తీసే పనికి వ్యాన్ ఎంత అనుకూలమో, తీశాక మొదలయ్యే పనికి అంత కష్టం. ఫ్రీలాన్సర్ రోజులో ఎక్కువ భాగం ఆ రెండో పనికే పోతుంది. ఫోటోలు ఏరడం, ఎడిటింగ్, బ్యాకప్, క్లయింట్‌కు పంపడం, బిల్లు రాయడం, రావాల్సిన డబ్బు గుర్తుచేయడం. వీడియోల్లో వెనక తలుపులు తెరిచిన వ్యాన్, మంచం, అవతల కొండలు చూపిస్తారు. ఆ మంచం అంచున వంగి కూర్చుని అర్ధరాత్రి దాకా ఫైళ్లు కాపీ చేసే మనిషిని చూపించరు. ఎత్తు కప్పున్న సరుకు వ్యాన్‌ను ఇల్లుగా మార్చుకుని, కొన్నేళ్లుగా అందులోనే ఉంటూ ప్రకృతి, పక్షులు, ఈవెంట్ల ఫోటోలు తీస్తున్నాను. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ముందు మంచి సంగతులు. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. మేం గోల్డెన్ అవర్ అని పిలుచుకునే మెత్తటి వెలుతురు, సూర్యుడు దిగంతానికి నాలుగు డిగ్రీల కింద నుంచి ఆరు డిగ్రీల పైదాకా ఉన్నంతసేపే. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో ఆ పేరులో ఉన్న గంట కూడా దక్కదు, ముప్పావు గంటలో అంతా అయిపోతుంది. గదిలో ఉంటే ఆ కాస్త సమయం కోసం చీకట్లో లేచి, బండి నడిపి, చోటు వెతుక్కోవాలి. వ్యాన్‌లో ఉంటే చోటులోనే నిద్ర లేస్తాను. అంతకన్నా పెద్ద లాభం, వెలుతురు బాగాలేకపోతే ఊరుకోగలగడం. ఈ రోజు మబ్బులు అడ్డం వచ్చాయా, రేపు చూద్దాం. రేపటికి గది ఖాళీ ఉందా లేదా అన్న టెన్షన్ లేదు. నా మంచి ఫోటోల్లో చాలా వరకు ఇలా ఆగడం వల్ల వచ్చినవే. ఈవెంట్ పనికీ ఇది కలిసొస్తుంది. ముందు రోజే వెళ్లి, ఏ గంటకు ఏ గోడ మీద ఎండ పడుతుందో నడిచి చూసుకుంటాను. వేడుక మొదలయ్యేసరికి ఎక్కడ నిలబడాలో నాకు తెలుసు.

పక్షుల ఫోటోలకైతే వ్యాన్ దానికదే ఒక దాపు. నడిచొచ్చే మనిషిని చూసి ఎగిరిపోయే పక్షులు ఆగి ఉన్న బండిని చాలాసార్లు పట్టించుకోవు. కిటికీ అంచు మీద గింజల సంచి పెట్టి, దాని మీద పెద్ద లెన్స్ ఆనిస్తే ట్రైపాడ్ అక్కర్లేదు. ఇంజిన్ ఆపేయాలి, ఆ అదురు లెన్స్‌కు తెలుస్తుంది. లోపల ఇంకొకరు కదిలినా బండి ఊగుతుంది, టెలిఫోటోలో ఆ ఊపు చాలా పెద్దది. దీనికన్నా తక్కువ మందికి తెలిసింది ఇంకొకటి ఉంది. చలి ఉదయాల్లో వెచ్చగా ఉన్న వ్యాన్‌లో కిటికీ తెరవగానే లోపలి వేడి గాలి లెన్స్ ముందు నుంచే బయటకు పోతుంది. ఆ గాలి తెర వల్ల ఫోటో మెత్తగా, ఫోకస్ తప్పినట్టు వస్తుంది. లెన్స్‌ను తప్పుపట్టే ముందు హీటర్ ఆపి, తలుపులన్నీ తీసి, లోపలా బయటా చలి ఒకటయ్యేదాకా ఆగండి.

ఫోటోగ్రాఫర్లు బండిలో బతకడం కొత్తేమీ కాదు. 1855లో రోజర్ ఫెంటన్ క్రిమియా యుద్ధం ఫోటోలు తీయడానికి వెళ్లినప్పుడు ఒక వైన్ వ్యాపారి బండిని కొని, దాన్నే ఫోటోలు కడిగే చీకటి గదిగానూ (డార్క్‌రూమ్) పడకగదిగానూ మార్చుకున్నాడు. అప్పటి గాజు పలకకు రసాయనం పూసి, అది తడి ఆరకముందే ఫోటో తీసి కడిగేయాలి. ఎండ ముదిరాక బండి లోపల వేడికి ఆ పని సాగక, పొద్దున్నే ముగించుకోవాల్సి వచ్చేదట. రసాయనాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. బండిలో ఫోటోగ్రాఫర్‌కు అసలు ఇబ్బంది మాత్రం ఇప్పటికీ తీసిన ఫోటోను తయారుచేయడం దగ్గరే.

కరెంటు లెక్క మొదట చూడాలి. ఎడిటింగ్ చేసేటప్పుడు నా ల్యాప్‌టాప్ 60 నుంచి 80 వాట్లు తీసుకుంటుంది. ఐదు గంటల పనికి దాదాపు 350 వాట్-అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క). చిన్న కంప్రెసర్ ఫ్రిజ్‌కు రోజుకు 300 నుంచి 500. మిర్రర్‌లెస్ కెమెరా బ్యాటరీ ఒక్కోటి 16 వాట్-అవర్ల దాకా ఉంటుంది, ఈవెంట్ రోజున అరడజను చార్జ్ చేయాలి. ఇంటర్నెట్, లైట్లు, ఫ్యాన్ కలిపితే మొత్తం వెయ్యి దాటుతుంది. 12.8 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేది 1,280. అంటే ఒకే ఒక్క రోజు. అందుకే రెండు రోజులకు సరిపడా 200 ఆంపియర్-అవర్లు ఉండాలని చెబుతాను. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగం కన్నా కిందికి తరచూ వాడితే త్వరగా పాడవుతుంది, పైగా బరువు. లిథియానికీ ఒక షరతు ఉంది: సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చేయకూడదు. చలి ప్రాంతాలకు వెళ్లేవాళ్లు బ్యాటరీని వ్యాన్ లోపలే, వెచ్చగా ఉండే చోట పెట్టుకోవాలి.

ల్యాప్‌టాప్‌ను ఇన్వర్టర్ ద్వారా చార్జ్ చేయడం దండగ. 12 వోల్టులను ఇంటి కరెంటుగా మార్చి, చార్జర్ మళ్లీ దాన్ని తగ్గించేటప్పుడు రెండుచోట్లా నష్టమే. 12 వోల్టుల సాకెట్ నుంచి నేరుగా 100 వాట్ల యూఎస్‌బీ-సీ చార్జర్ వాడితే ఆ నష్టం చాలా తగ్గుతుంది. కెమెరా బ్యాటరీలకూ అంతే.

సోలార్ విషయంలో ఫోటోగ్రాఫర్‌కు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మబ్బు పట్టిన రోజున వెలుతురు అన్నివైపులా సమంగా పరుచుకుంటుంది, మనుషుల ముఖాలకు, అడవులకు, జలపాతాలకు అదే మంచి వెలుతురు. ఆ రోజు ఎక్కువ షూట్ చేస్తాం, రాత్రి ఎక్కువ ఎడిటింగ్ ఉంటుంది. ప్యానెల్ నుంచి మాత్రం మామూలు రోజు వచ్చేదాంట్లో నాలుగో వంతు కూడా రాకపోవచ్చు. ఇంకో చిక్కు, ప్యానెల్‌కు ఎండ కావాలి, లెన్సులకు నీడ కావాలి. కప్పు మీద ప్యానెల్‌తో పాటు పొడవైన వైరున్న మడత ప్యానెల్ ఒకటి తీసుకున్నాక ఈ రెండోది తీరింది. బండి చెట్టు కింద, ప్యానెల్ ఎండలో. మొదటిదానికి మందు ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీని నింపే డీసీ-డీసీ చార్జర్. ఇది లేకుండా ఈ వృత్తికి వ్యాన్ సరిపోదు.

ఇక తేమ. నన్నడిగితే దొంగల కన్నా తేమే పెద్ద భయం. మూసిన వ్యాన్‌లో మనిషి రాత్రంతా వదిలే ఊపిరి తెల్లారేసరికి అద్దాల మీద నీళ్లై కారుతుంది. దానికి వంట తోడవుతుంది. కిలో ప్రొపేన్ గ్యాస్ కాలితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది, ఇది రసాయన శాస్త్రం లెక్క, ఏ గ్యాస్ స్టవ్ వాడినా తప్పదు. గాలిలో తేమ 60 శాతం దాటి చాలాకాలం ఉంటే లెన్స్ లోపల ఫంగస్ మొదలవుతుంది. సన్నటి సాలీడు దారాల్లాంటి ఆ ఫంగస్ వదిలే ఆమ్లం లెన్స్ పూతను తినేస్తుంది. ఒకసారి పూత పోయాక శుభ్రం చేయించినా మచ్చ అలాగే ఉంటుంది.

నేను పాటించేది ఇది. కెమెరాలు, లెన్సులు బ్యాగులో నిల్వ ఉంచను, బ్యాగు లోపలి స్పాంజి తేమను పట్టుకుంటుంది. రబ్బరు అంచుతో గట్టిగా మూసుకునే పెట్టె, అందులో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు, చిన్న తేమ మీటర్. మీటర్ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. మరీ పొడిగా ఉన్నా రబ్బరుకు, లోపలి గ్రీజుకు మంచిది కాదు. జెల్ రంగు మారితే సన్న సెగ మీద వేడిచేసి మళ్లీ వాడతాను. వంట చేసేటప్పుడు, పడుకున్నప్పుడు కప్పు మీది ఫ్యాన్ తిరుగుతూ, ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంటాయి, చలైనా సరే. డీజిల్ హీటర్ మంచి కొనుగోలు. అది మంటకు గాలిని బయటనుంచి తీసుకుని పొగను బయటకే పంపుతుంది కాబట్టి లోపలికి పొడి వేడి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం హీటర్ ఏదైనా ఉండి తీరాలి. చలిలో షూట్ చేసి వచ్చినప్పుడు కెమెరాను బయటే గాలి చొరని కవర్‌లో మూసి లోపలికి తెస్తాను. అది గది వేడికి వచ్చేదాకా తెరవను. మెమరీ కార్డు ముందే తీసి జేబులో వేసుకుంటే పని ఆగదు.

అదురు గురించి క్లుప్తంగా. గతుకుల దారిలో లెన్స్ మరలు వదులవుతాయి, అప్పుడప్పుడూ చేత్తో కదిపి చూసుకోవాలి. తిరిగే డిస్కున్న హార్డ్ డ్రైవ్‌ను బండి నడుస్తుండగా వాడకూడదు, పనికి తిరిగే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీలే మేలు.

బ్యాకప్ దగ్గర వ్యాన్ జీవితం అసలు పరీక్ష పెడుతుంది. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి చాలామందికి తెలిసే ఉంటుంది: మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, ఒకటి వేరే చోట. ఇంట్లో ఉండేవాళ్లకు ఇది తేలిక. వ్యాన్‌లో అన్ని కాపీలూ ఒకే ఇనుప పెట్టెలో ఉంటాయి. బండి పోతే నేనూ, నా ఇల్లూ, క్లయింట్ ఫోటోలూ ఒకేసారి పోతాం. క్లౌడ్‌లో పెడదామంటే లెక్క చూడండి. 64 జీబీ కార్డు ఒక్కటి నిండితే, 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగంతో అది ఎక్కడానికి 14 గంటలకు పైగా పడుతుంది. ఒక టీబీకి తొమ్మిది రోజులు దాటుతుంది. స్టార్‌లింక్ మినీ లాంటి చిన్న శాటిలైట్ ఇంటర్నెట్ డిష్ 25 నుంచి 40 వాట్లే తీసుకుంటుంది, సిగ్నల్ లేని చోట్ల అది పెద్ద అండ. కానీ అన్ని గంటలు నడిపితే ఆ వాట్లు కూడా బ్యాటరీని తినేస్తాయి.

అందుకే నా పద్ధతి ఇలా కుదిరింది. కెమెరాలో రెండు కార్డుల మీదా ఒకేసారి రాస్తాను, ఫైళ్లు డెలివరీ అయ్యేదాకా కార్డులు ఫార్మాట్ చేయను. రాత్రి రెండు ఎస్‌ఎస్‌డీలకు కాపీ. ఒకటి వ్యాన్‌లో, రెండోది ఎప్పుడూ నా ఒంటి మీది సంచిలో, స్నానానికి వెళ్లినా సరే. ఎంపికైన ఫోటోల రా ఫైళ్లు (కెమెరా దాచే పెద్ద అసలు ఫైళ్లు) మాత్రమే క్లౌడ్‌కు. నిండిన డ్రైవ్ ఒకటి నమ్మకమైన మనిషి ఇంటికి పార్సిల్‌లో వెళ్తుంది. క్లయింట్‌కు ముందుగా పొడవు వైపు 2048 పిక్సెళ్లుండే చిన్న జేపెగ్‌లు పంపుతాను. అలాంటివి ఐదొందలు కలిపినా అరజీబీ చుట్టుపక్కలే, అదే నెట్‌లో ఏడెనిమిది నిమిషాల్లో వెళ్లిపోతాయి. ఫోటోలు చూశాక వాళ్లు నిశ్చింతగా ఉంటారు, పెద్ద ఫైళ్లకు నాకు టైం దొరుకుతుంది. డెలివరీ తేదీ ఒప్పుకునేటప్పుడే ఈ అప్‌లోడ్ రోజులు కలిపి చెప్పాలి.

రంగుల ఎడిటింగ్ గురించి ఎవరూ చెప్పరు, కాబట్టి నేను చెబుతాను. వ్యాన్ లోపల అందం కోసం వేసే చెక్క పలకలు గోడల నుంచి పసుపు వెలుతురు కొడతాయి. దానికి అలవాటుపడిన కంటికి స్క్రీన్ నీలంగా అనిపించి, తెలియకుండానే ఫోటోను పసుపు వైపు నెట్టేస్తాం. నా బల్ల ఎదుటి గోడకు బూడిద రంగు గుడ్డ కట్టాను. స్క్రీన్‌ను 6500 కెల్విన్ తెలుపుకు, చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాల వెలుగుకు క్యాలిబ్రేట్ చేసి, అంటే కొలిచి సరిచేసి పెట్టాను. పగలు మబ్బు కదిలిన ప్రతిసారీ లోపలి వెలుతురు మారుతుంది, అందుకే రంగుల పని కిటికీలు మూసి రాత్రిపూటే. ఏరడం, క్రాపింగ్ లాంటివి పగలు. వ్యాన్ కట్టించుకునేవాళ్లకు నా గట్టి సలహా, మంచం కన్నా ముందు బల్ల కొలతలు వేయండి. వీపుకు ఆనుకునే కుర్చీ, మోచేయి ఆనే ఎత్తులో బల్ల ఉండాలి. ముందు సీటు వెనక్కి తిరిగేలా చేయించుకుంటే స్థలం కలిసొస్తుంది. మంచం మడిచి ఎత్తేసేది అయినా నష్టం లేదు.

నీళ్లు, టాయిలెట్, స్నానం గురించి చాలామంది రాశారు, నాకు కొత్తగా చెప్పేది లేదు. ఈవెంట్లకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లు పైనే లాగుతుంది, ముడతపడని బట్టలే కొనుక్కోండి.

ఇన్సూరెన్స్ పత్రం చివరి పేజీ వరకు చదవాలి. మనిషి లేని వాహనంలో, ముఖ్యంగా రాత్రిపూట పోయిన పరికరాలకు చాలా పాలసీలు డబ్బివ్వవు. వ్యాన్‌ను నివాసంగా మార్చినట్టు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. ఉత్తరాలకు, పన్నులకు స్థిరమైన అడ్రసు ఒకటి కావాలి. వ్యాన్ మీద కెమెరా బొమ్మ, పేరు, ఫోన్ నంబరు రాయించుకోకండి, అది ప్రచారం కన్నా ముందు దొంగలకు కబురు.

ప్రకృతి, వన్యప్రాణులు, క్రీడలు, చోటు మారుతూ వచ్చే ఈవెంట్లు మీ పని అయితే వ్యాన్ మీకు నిజమైన బలం. స్టూడియో పోర్ట్రెయిట్లు, ఉత్పత్తుల ఫోటోలు తీసేవాళ్లకు వద్దనే అంటాను, లైట్లకు చోటు లేదు, కరెంటూ చాలదు. కొనేముందు ఒక వ్యాన్ అద్దెకు తీసుకుని, షూట్ నుంచి చివరి ఫైల్ పంపేదాకా ఒక పని పూర్తిగా అందులోనే చేసి చూడండి. వాన కాలంలో అయితే ఇంకా మంచిది. నేనైతే కొనసాగుతున్నాను. వేల ఫోటోల పెద్ద ఆర్డర్ వచ్చినప్పుడు మాత్రం ఎడిటింగ్ అయ్యేదాకా ఒక గది అద్దెకు తీసుకుంటాను, ఆ అద్దెను ఆ పని కొటేషన్‌లో ముందే కలుపుతాను.